నవ్వించని నవ్వుల చిత్రములు

ఏడ్పించు చిత్రమును చూచి మనము ఏడ్వలేకపోయిన యెడల ఎవరికిని నష్టము లేదు. తీసికొనిపోయిన చేతిరుమాలు పొడిగా ఇంటికి వచ్చును, అంతే. నవ్వించెదమని పిలిచి నవ్వింపని చిత్రము అట్టిది కాదు. అది పెండ్లికి పిలిచి భోజనము పెట్టక పంపిన వియ్యాలవారి వంటిది. ఆకలి యట్లే యుండును. పైగా పట్టుచీర నలిగినదన్న విచారమొకటి.

నల్లమల యంచున నున్న మా సీమలో, అనగా మార్కాపురము, గిద్దలూరు, కంభము, ఎఱ్ఱగొండపాలెము చుట్టుపట్ల, ఈ విచారము స్త్రీలకు మఱికొంత హెచ్చు. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడు వఱకు ఇది కర్నూలు జిల్లాలోని భాగము. నాడును నేడును నీళ్లకు కటకటయే. పల్లెనుండి యొక యిల్లాలు మార్కాపురమునకు ఆట చూడ బయలుదేరవలెనన్న టిక్కెట్టు వెల అన్నిటికంటె చిన్న ఖర్చు. నీళ్ల ట్యాంకరు ఏ వేళకు వచ్చునో కనుగొనవలెను. బిందెలు నింపవలెను. బఱ్ఱెకు మేత వేయవలెను. మామగారికి సంగటి వండి మూతపెట్టవలెను. అటుపిమ్మట బస్సు కొఱకు నిలువవలెను. పలకల కార్ఖానాలో పనిచేయు స్త్రీకైనచో ఆ పూట కూలియు పోవును. ఇంత యిచ్చి ఆమె కొనునది రెండున్నర గంటల నవ్వు. అందులో తరుగు వచ్చినచో అడుగుటకు తూనికల శాఖవారు లేరు గనుక, ఆ పని మేము చేయ సాహసించితిమి.

గోడపత్రిక మాత్రము ఎన్నడును లోభింపదు. పొట్ట చెక్కలగుననియు, కడుపుబ్బ నవ్వుదురనియు, ఇంటిల్లిపాదియు వచ్చి చూడదగినదనియు అందు వ్రాయుదురు. పొట్ట చెక్కలగుట యేమోగాని, పక్కనున్న బిడ్డ కన్నులు మూయుటకే తల్లికి రెండు చేతులును చాలవు. చిత్రములకు వయస్సును బట్టి గుర్తులు వేయు పద్ధతి యొకటి కలదు. యు/ఎ యను తరగతిని చీల్చి, ఏడేండ్లు, పదుమూడేండ్లు, పదునాఱేండ్లు అని మూడు మెట్లు చేయు పద్ధతి 2024లో అమలునకు వచ్చినది. మంచిదే. అయినను ఆ మండలివారు మఱచిన గుర్తు ఒకటున్నది: అత్తగారి ప్రక్కన కూర్చుండి చూడదగునా, తగదా? మా సీమలో ఇంటిల్లిపాది యనగా ఆమెయే మొదటిది.

హాస్యచిత్రము నిరాశపఱచుట నేటి రోగము మాత్రమే కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ 1924లో వెలువడినది. మొగల్తూరునుండి సీమకు బయలుదేరిన ఆ అమాయకుడు చెన్నపట్టణములో దొరసానుల టోపీ కొని నెత్తిన బెట్టుకొన్న ఘట్టమును మా యిండ్లలో నాలుగు తరములవారు చదివి నవ్విరి. ఆ కథను 1940లోనే చిత్రముగా తీసిరి. లంక సత్యముగారు పార్వతీశము. పుస్తకము నేటికిని అచ్చగుచునే యున్నది. చిత్రమును గుఱించి పలుకరించువారు మాత్రము మాకు దొరకలేదు. మా కొకటి తోచుచున్నది. పుస్తకములో పార్వతీశము తన కథ తానే చెప్పుకొనుచున్నాడు. ఆ టోపీ తనకు బాగుగా నున్నదని అతడు నమ్ముచున్నాడు. ఆ నమ్మకమును చూచి మనము నవ్వుచున్నాము. తెరమీద టోపీ కనబడును గాని నమ్మకము కనబడుట కష్టము. టోపీ ఒక్కటే చూచి ఎంతసేపు నవ్వగలము?

తెర నవ్వింపలేదని మా వాదము కాదు. మా వాదము వేఱు. దానిని పరీక్షించుటకు మా వీధివారము కలసి ఒక యుపాయము పన్నితిమి. మార్కాపురమున పలకలకు కొదువ లేదు గదా. బడిపిల్లల చేతికి పలక నందించిన ఊరిది. బడులలో పలక తగ్గిన పిమ్మట ఆ రాయియే గోడలకును నేలలకును అలంకారమై విదేశములకు పోవుచున్నది. ఇంటింట మిగిలిన పాతపలకలను దింపి, టెలివిజనులో వచ్చు హాస్యచిత్రముల యెదుట తలా యొకటి పట్టుకొని కూర్చుంటిమి. నవ్వు వచ్చినపుడెల్ల బలపముతో ఒక గీత. మనసు నొచ్చినపుడెల్ల ఒక గీత తుడిచివేయుట. నిబంధన లింతే.

‘మిస్సమ్మ’ నాడు పలక వెనుకకు త్రిప్పవలసి వచ్చెను. 1955 నాటి ఆ చిత్రమున ఉద్యోగములు లేని ఒక యువకుడును, తండ్రి యప్పు తీర్పవలసిన ఒక క్రైస్తవ యువతియు, బడిపంతుళ్ల కొలువు కొఱకు దంపతులమని బొంకుదురు. చూచితిరా, నవ్వునకు అడుగున నున్నది నిరుద్యోగము, అప్పు! ఆ విజయావారే, ఆ ఎల్.వి. ప్రసాదుగారే 1952లో తీసిన ‘పెళ్ళి చేసి చూడు’నకు అడుగున నున్నది కట్నము, 1959లో తీసిన ‘అప్పు చేసి పప్పు కూడు’నకు ఆ పేరే సాక్ష్యము. ఏడ్వదగిన సంగతిని పట్టుకొని నవ్వించిరి. అప్పులవాడు వాకిట నిలిచినపుడు లోపల దాగుకొన్న యనుభవము మా యిండ్లలో ఎవరికి లేదు? ఆ డేవిడు వేషమున రమణారెడ్డిగారు తలుపు తట్టినపుడు మా పక్కయింటి అవ్వ, “ఇట్టాంటోడే మా యింటికీ వచ్చేవాడు గదే!” అని రెండు గీతలు ఒకేసారి గీసెను. రెండు గీయరాదని మేమంటిమి. “ఒకటి ఆయప్పకు, ఒకటి ఈయప్పకు” అని ఆమె సమాధానము.

తరువాత నొకనాడు క్రొత్త చిత్రమొకటి వచ్చినది. పేరు చెప్పము; ఆ నిర్మాతలకును పిల్లలుందురు. విరామమునకు మా పలక లన్నియు శుభ్రముగా నుండెను. ఒక పలకమీద మాత్రము చక్కని పిల్లి బొమ్మ కనబడెను. అది మా వదినగారి మనుమడు విసుగెత్తి గీసినది. పలకల కార్ఖానాలో ఇరువదేండ్లు పనిచేసిన యొకామె బలపము క్రింద బెట్టి, “పలక పగిలితే ముక్కకన్నా ఏదో వెల వస్తాది. ఈ రెండు గంటల ముక్కని ఏం జేసుకునేది?” అనెను. బడిపంతులమ్మ యొకతె నవ్వవలసిన చోటులను చూపించుచు వెనుకనుండి వినవచ్చు వాద్యధ్వనిని గుఱించి చెప్పినది: “మా బడికి అధికారి వచ్చినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టాలని నేను వెనకనుండి సైగ చేస్తాను, అచ్చం అట్లాగే ఉంది.” అవ్వ తీర్పు అన్నిటికంటె చిన్నది. “వాళ్లల్లో వాళ్లే నవ్వుకుంటుండారు. మనకేం మిగిల్చినారు?”

ఈ యవ్వ తీర్పులో మా వాద మంతయు నున్నది. ఎవరు నవ్వించుచున్నారు, ఎవరిని జూపి నవ్వించుచున్నారు అనునదే ప్రశ్న.

సూర్యకాంతమ్మగారిని తలచుకొనుడు. ‘గుండమ్మ కథ’ 1962లో వచ్చినది. ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున యుండగా కథకు పేరు గుండమ్మది. ఆమె గయ్యాళి, సవతికూతును పనిమనిషిగా చేసినది. మనము ఆమెను జూచి నవ్వుదుము. కాని ఆమె వట్టి గయ్యాళి గాదు. మగదిక్కు లేని యిల్లు, ఆస్తి, చుట్టును కన్నువేసిన బంధువులు. ఆ నోరు లేనిచో ఆ యిల్లు నిలుచునా? ఇది ఎవరును చెప్పకయే మనకు తెలియును, ఏలయన గుండమ్మ నడకలోనే ఆ భయము, ఆ బింకము రెండు నున్నవి. ఆమె తెరమీదికి వచ్చినపుడు నవ్వు ఆమె చేతిలో నుండెను. తరువాతి కాలపు చిత్రములలోని గయ్యాళి భార్యకు చేతిలో అప్పడాలకఱ్ఱ మాత్రము మిగిలినది. ఆమె ఏల కొట్టుచున్నదో చెప్పరు. ఆమెకు పేరుండుటయు అరుదే. భర్త వంగును, ఆమె కొట్టును, వాద్యము మ్రోగును. సూర్యకాంతమ్మగారికి జడిసి ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుట మానిరని లోకములో వాడుక. ఈ అప్పడాలకఱ్ఱమ్మకు జడియుటకైనను పేరు లేదు.

జంధ్యాలగారు ఈ సంగతి ఎఱిగినవారు. 1984 నాటి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ను మన సోదరీమణులు పలుసారులు చూచియుందురు; దాని మూలము పొత్తూరి విజయలక్ష్మిగారి ‘ప్రేమలేఖ’ యను నవల యని ఎందఱు గుఱుతుంచుకొనిరో తెలియదు. ఒక చిలిపి పిల్ల ఊరు పేరు లేని భర్తకు ఉత్తరము వ్రాసి టపాలో వేయుటతో కథ మొదలు. నవ్వును పుట్టించినది ఆడుపిల్ల, ఆ ఆడుపిల్లను పుట్టించినది ఆడుదియే. ‘చంటబ్బాయ్’ (1986)లో శ్రీలక్ష్మిగారు రచనాపిచ్చి పట్టిన యువతియై పత్రికాసంపాదకుని వేధించు ఘట్టములున్నవి. వానిని మేము మా సంపాదకులతో కలసి చూచుట మంచిది కాదని విరమించుకొంటిమి. ‘అహ! నా పెళ్ళంట!’ (1987)లో కోట శ్రీనివాసరావుగారి పిసినారి, వ్రేలాడుచున్న కోడిని చూచుచు వట్టి యన్నము తినును. ఆ చిత్రమునాడు మా సీమలో నవ్వనివారు లేరు. ప్రతి యూరనుగల లక్ష్మీపతి కూడ తన పొరుగువానిని తలచుకొని నవ్వెను. ఆ పిసినారి యెదుట బ్రహ్మానందముగారి అరగుండు నిస్సహాయుడై నిలుచును. ఆ నిస్సహాయతయే నవ్వు. పిమ్మట వచ్చిన చిత్రములవారు ఆ మహానటుని ముఖమును తీసికొని, నిస్సహాయతను విడిచి, చెంపదెబ్బలు మాత్రము ఉంచుకొనిరి. అత్తిలిలో తెలుగు పాఠములు చెప్పి వచ్చిన పండితుడు, గిన్నిసు పుస్తకమున కెక్కినవాడు. ఆయన చెంప ఎన్ని చిత్రములను మోయగలదు?

ఇక త్రాగుబోతు హాస్యము. ఇక్కడ మా పలకలు మిక్కిలి వేగముగా తుడుపుడు పడినవి. 1992లో మా ప్రక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాకొట్టును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతటను అంటుకొన్నది. 1995లో మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. ఆ 1997లోనే ‘మా నాన్నకి పెళ్ళి’ యను చిత్రమున త్రాగుబోతు వేషము వేసి ఎం.ఎస్. నారాయణగారు ప్రసిద్ధులైరి. ఆయనయు తెలుగు బోధించినవారే. ఆ వేషమున ఆయన చూపిన నేర్పును మేము కాదనము. అయితే ఆ పిమ్మట ఆయనకును, ఇతరులకును, చిత్రము వెంట చిత్రముగా చేతికి సీసా ఇచ్చుటయే హాస్యమైపోయినది. సీసా పట్టినవాడు తూలుచు ఇంటికి వచ్చుట తెరమీద నవ్వు. ఇంటిలో వాని యెదుట అన్నము పెట్టుకొని కూర్చున్నదాని ముఖము తెరమీద చూపరు. చూపినచో ఆ నవ్వు ఆగిపోవును. ఒక చిత్రములో ఇట్టి ఘట్టము వచ్చినపుడు మగవారి వరుసలన్నియు గొల్లుమనెను. మా వరుసలోని యొకామె లేచి, బిడ్డకు నీళ్లు త్రాగించెదనని వెలుపలికి పోయి, ఘట్టము ముగిసినదాక లోపలికి రాలేదు. ఆమె యింటి సంగతి మా కందఱకు తెలిసినదే గనుక ఎవరమును పిలువలేదు.

ఒడలిని జూపి నవ్వించుట ఇంకొకటి. లావుపాటిది, నల్లనిది, పొట్టిది, పండ్లెత్తు అయినది. వీరు తెరమీదికి వచ్చుటయే హాస్యమట, మాటాడనక్కఱలేదు. మా వీధిలో తొమ్మిదవ తరగతి చదువు పిల్ల యొకతె కొంచెము బొద్దుగా నుండును. దసరా సెలవులలో పినతండ్రి పిల్లలతో కలసి ఒక హాస్యచిత్రమునకు పోయినది. అందు హీరో ఒక లావుపాటి యువతికి పెట్టిన పేరును ఆ రాత్రియే మగపిల్లలు ఈమెకు పెట్టిరి. పేరు బడిదాక పోయెను. రెండు నెలలు ఆ పిల్ల మధ్యాహ్న భోజనము సగము పారవేసినదని తల్లికి తెలిసినది ఎప్పుడో. చిత్రము పది దినములకే వెళ్లిపోయినది. పేరు మాత్రము బడిలో ఇంకను ఆడుచున్నది. చిత్రము బాగులేదని వ్రాయువారు కథ బాగులేదనియు, రెండవ భాగము సాగినదనియు వ్రాయుదురు; ఈ లెక్క ఎవరును వ్రాయరు.

పాతవి బంగారము, క్రొత్తవి కాకిబంగారమని మే మనుటలేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు ఆడుకొన్న మాటలు ఈ పత్రికలో అచ్చువేయదగినవి కావు. మన ముత్తవ్వలు రాత్రియెల్ల కూర్చుండి వానిని వినిరి. అయినను బంగారక్క ఊరకుండునది కాదు. కేతిగాడు ఒకటనిన ఆమె రెండనును. మోటుతనము క్షమింపవచ్చును, నోరు లేకుండ చేయుటను క్షమింపలేము.

ఆడువారు మగవారైనచో, మగవారు ఆడువారైనచో ఎట్లుండునని ఇ.వి.వి. సత్యనారాయణగారు ‘జంబలకిడిపంబ’ తీసిరి. విశాఖపట్టణపు నీళ్లలో మందు కలిసి ఊరంతయు తలక్రిందులగును. మగవారు చీరలు గట్టి వంటలు చేయుదురు. స్త్రీలు అరుగులమీద కూర్చుండి వారిని అల్లరిపెట్టుదురు. మా పలకలమీద గీతలు బాగుగానే పడినవి. ఏలయన వంట చేయు మగవాని చెమట చూచుటలో ఒక సుఖము కలదు. దానిని దాచుట యేల? ఊరు మరల యథాస్థితికి వచ్చినపుడు మగవారందఱు సంతోషించిరి, మా వరుసలో ఒకరిద్దఱు నిట్టూర్చిరి. మా వదినగారి యాక్షేపణ వేఱొకటి: “మార్కాపురములో ఆ మందు పనిచెయ్యదమ్మా. కలపడానికి నీళ్లు రావాల గదా!” 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ల కొఱకు ఎదురుచూచుటలో తలవెండ్రుకలు నెఱిసినవారము, విరామము తరువాత నైనను నవ్వు వచ్చునేమో యని కూర్చుండుట మాకు కష్టము కాదు. ఆ జంబలకిడిపంబ పేరునే 2018లో మఱియొక చిత్రమునకు పెట్టుకొనిరి. శ్రీనివాసరెడ్డిగారు మంచి హాస్యనటులు. కాని పాతపేరు క్రొత్త బోర్డుమీద వ్రాసినంత మాత్రమున పాతకొట్టులోని సరుకు రాదు. నిరాశపడినవారిలో మేమును ఉన్నాము.

మా తీర్పులే శాసనములా యని మీ రడుగవచ్చును. కావు. 2010లో త్రివిక్రముగారి ‘ఖలేజా’ థియేటరులలో దెబ్బతిన్నది. అటుపిమ్మట టెలివిజనులో అదే చిత్రము పదేపదే రాగా ఇండ్లలో దాని మాటలు వాడుకమాట లయ్యెను. 2025 మే నెలలో దానిని మరల విడుదల చేసినపుడు జనులు ఎగబడిరి. చిత్రము మాఱలేదు. మా యూహ యేమన, థియేటరునకు పోవునపుడు మనము నవ్వును కొనుటకు పోవుదుము. కొన్నదానిని తూచి చూతుము. ఇంటిలో చిక్కుడుకాయలు ఒలుచుచుండగా అడుగకయే వచ్చిన నవ్వును ఎవరు తూతురు? హిందీవారి ‘అందాజ్ అప్నా అప్నా’యు 1994లో ఇట్లే ఓడి, తరువాత ఇండ్లలో గెలిచినది. కావున నిర్మాతలు మా పలకలను జూచి మఱీ భయపడనక్కఱలేదు. ఆ తొమ్మిదవ తరగతి పిల్ల యింటిలో మాత్రము ఆ చిత్రము టెలివిజనులో వచ్చినపుడెల్ల తల్లి కట్టివేయుచున్నది.

మొన్న దొరకిన యభిప్రాయ మొకటి మాత్రము ఏ లెక్కలోను ఇమడలేదు. గిద్దలూరు దగ్గఱి పల్లెనుండి మా వీధికి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు, అత్తగారు ఊరికి పోయిన నాడు, మాతో కూడ ఆటకు వచ్చెను. ఆ చిత్రము మేము చూచిన నిరాశలలో ఘనమైనది. మా పలకలమీద ఒక్క గీతయు లేదు. వెలుపలికి వచ్చుచు ఆమె పలకను చూడగా నిండ గీతలు! ఎచ్చట నవ్వు వచ్చినదే అని అందఱము చుట్టు మూగితిమి. ఆమె సిగ్గుపడి, “నవ్వు రాలా అక్కా. రెండున్నర గంటలు నన్నెవరూ పిలవలా. పిలవని పావుగంటకొక గీత గీస్తామని మొదలుపెట్టి, గీసుకుంటా పోయినా” అనెను.